ఈఆర్ 90 శాతం అంటే క్యాన్సర్ ముదిరినట్టా?

ప్రశ్న: మాది శ్రీకాకుళం జిల్లా కవిటి దగ్గర ఊరు. అమ్మకు 51 ఏళ్లు, నెలసరి ఆగి రెండేళ్లయింది. రొమ్ములో గడ్డ ఉంటే రెండు నెలల క్రితం ప్రైవేటు ఆసుపత్రిలో తీశారు. డక్టల్ కార్సినోమా, ఈఆర్ 90 శాతం, పీఆర్ 60 శాతం, హెర్2 2+ అని రిపోర్టు వచ్చింది. మా పిన్నికి 38 ఏళ్లకే రొమ్ము క్యాన్సర్ వచ్చింది, ఆమెకు మూడూ నెగెటివ్. అమ్మకు 90 అంటే పిన్ని కంటే ముదిరినట్టా? హార్మోన్లు తగ్గాలంటే ఏం పెట్టాలి? సోయా మానేయాలా? పక్కింటావిడ వాడే టామోక్సిఫెన్ మాత్రలు మూడు వారాలుగా అమ్మకూ వేస్తున్నాం. మోకాళ్ల నొప్పులకు మందుల షాపు బిళ్లలు వాడుతోంది. – ఒక పాఠకురాలు

జవాబు: ముదిరినట్టు కాదమ్మా. ఆ 90 ఒంట్లో హార్మోన్ ఎంత ఉందో చెప్పదు, జబ్బు ఎంత పాకిందో కూడా చెప్పదు. తీసిన గడ్డలో నూటికి 90 క్యాన్సర్ కణాల్లో ఈస్ట్రోజెన్ హార్మోన్‌ను పట్టుకునే రిసెప్టర్ (ఈఆర్) ఉందని అర్థం. పీఆర్ కూడా అలాంటిదే, ప్రొజెస్టెరాన్ హార్మోన్‌కి. ఒక్క శాతం ఉన్నా పాజిటివ్ అనే లెక్క. 1 నుంచి 10 మధ్య ఉంటే 'లో పాజిటివ్' అంటారు, అక్కడ హార్మోన్ మాత్రలు, అంటే ఈస్ట్రోజెన్‌ను అడ్డుకునే మాత్రలు, ఎంత పనిచేస్తాయో గట్టిగా చెప్పలేం. 90 ఉన్నవారికి అవి బాగా పనిచేసే అవకాశం ఉంది.

రకాన్ని బట్టి ఈ అంకె మారుతుంది. లోబ్యులర్, ట్యూబ్యులర్, మ్యూసినస్ రకాల్లో దాదాపు అన్నీ ఈఆర్ పాజిటివే. మెటాప్లాస్టిక్ రకంలో ఎక్కువగా మూడూ నెగెటివ్. మీ అమ్మగారికి వచ్చిన డక్టల్ రకమే అందరిలో ఎక్కువగా కనిపించేది. అందులో ఎక్కువమందికి పాజిటివ్ వస్తుంది, అయినా మీ పిన్నిగారిలా మూడూ నెగెటివ్ వచ్చేవాళ్లూ తక్కువేం కాదు. అలాంటివారికి హార్మోన్ మాత్రలు పనిచేయవు, కీమో మీదే ఎక్కువ ఆధారపడాలి. కాబట్టి ఇద్దరి అంకెలూ పక్కపక్కన పెట్టి ఎవరిది పెద్ద జబ్బో తేల్చకండి. గడ్డ సైజు, గ్రేడు, చంకలో గ్రంథులకు పాకిందా లేదా అన్నవి చూడాలి. మీ ఉత్తరంలో అవేవీ లేవు.

మీరు అడగని విషయమే నన్ను ఎక్కువ కంగారు పెడుతోంది. హెర్2 అనేది క్యాన్సర్ కణాలను పెరిగేలా చేసే ఒక ప్రొటీన్. 2+ అంటే అది పాజిటివో నెగెటివో ఇంకా తేలలేదని. 0, 1+ అయితే నెగెటివ్, 3+ అయితే పాజిటివ్. 2+ వస్తే ఫిష్ అనే పరీక్ష చేయాల్సిందే. మళ్లీ సూది గుచ్చక్కర్లేదు, ల్యాబులో దాచిన ఆ గడ్డ ముక్క (బ్లాకు) మీదే చేస్తారు. పాజిటివ్ వస్తే హెర్2ను అడ్డుకునే ట్రాస్టుజుమాబ్ ఇంజెక్షన్లు ఇవ్వాల్సి రావచ్చు, సాధారణంగా ఏడాది పాటు. ఈ పరీక్ష చేయించకుండా రెండు నెలలు ఎలా గడిపేశారు? గడ్డ ఒక్కటే తీసి రొమ్ము ఉంచేస్తే సాధారణంగా రేడియేషన్ కూడా కావాలి. దాని గురించి ఎవరైనా చెప్పారా?

ఇక టామోక్సిఫెన్ అనే హార్మోన్ మాత్ర. అది మంచి మందే, ఎన్నో ప్రాణాలు నిలిపింది. కానీ పక్కింటావిడకు రాసిన మాత్ర మీ అమ్మగారికి ఎలా సరిపోతుంది? కీమో అవసరమైతే ముందు కీమో, ఆ తర్వాతే హార్మోన్ మాత్రలు. రెండూ కలిసి పడితే కాళ్లలో రక్తం గడ్డకట్టే ప్రమాదం పెరుగుతుంది. నెలసరి ఆగినవారికి చాలాసార్లు లెట్రోజోల్ లాంటి వేరే హార్మోన్ మాత్రలు రాస్తాం, వాటితో ఎముకల మీద కన్నేసి ఉంచాలి. టామోక్సిఫెన్‌తో గర్భసంచి లోపలి పొర మందం కావచ్చు. కొన్ని డిప్రెషన్ మందులు దాని పనిని తగ్గించేస్తాయి. మా దగ్గరికి వచ్చేవాళ్లలో ఇలా ఒకరి మాత్రలు ఇంకొకరు పంచుకోవడం చూస్తూనే ఉంటాను. ప్రేమతోనే చేస్తారు, కాదనను. ఏ డాక్టరూ మీ అమ్మగారికి రాయలేదు కాబట్టి ఇవాళే ఆపేయండి. మూడు వారాలు వేసిన సంగతి మాత్రం క్యాన్సర్ డాక్టరు దగ్గర దాచకండి. పిక్క వాచినా, ఆయాసం వచ్చినా, నెలసరి ఆగాక మళ్లీ రక్తం కనిపించినా ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి.

సోయా మామూలు వంటలో తింటే ఇబ్బంది లేదు, పొడులు, క్యాప్సూళ్లు వద్దు. ఏ తిండీ ఆ 90ని తగ్గించదు, తగ్గించాల్సిన పనీ లేదు.

చిన్న వయసులో పిన్నికి ట్రిపుల్ నెగెటివ్ (మూడూ నెగెటివ్), ఇప్పుడు మీ అమ్మగారికి క్యాన్సర్. బీఆర్‌సీఏ జన్యు పరీక్ష గురించి డాక్టర్‌ని అడగండి. వీలైతే ముందు పిన్నిగారికే చేయించాలి. ఫలితాన్ని బట్టి మీకూ స్కానింగ్ ఎప్పటి నుంచి మొదలుపెట్టాలో చెబుతారు.

రిపోర్టులు చూడకుండా రాస్తున్నాను, చికిత్స నిర్ణయం ఆమెను పరీక్షించిన డాక్టరుదే. ఈ వారంలోనే స్లైడ్లు, బ్లాకు, ఆపరేషన్ నోట్సు తీసుకుని విశాఖ కేజీహెచ్‌కో, అగనంపూడిలోని హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రికో వెళ్లండి. ఎన్టీఆర్ వైద్య సేవ కింద ఏవేవి వస్తాయో అక్కడి హెల్ప్‌డెస్క్‌లో కనుక్కోండి. మీది కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న ఉద్దానం, మోకాళ్లకు వాడే ఆ నొప్పి బిళ్లలు కిడ్నీలకు మంచివి కావు. అవి కూడా ఆపి, స్కానింగ్‌కీ కీమోకీ ముందే కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ పరీక్ష చేయించండి, ఆ కాగితం కూడా ఫైల్లో పెట్టుకుని వెళ్లండి.