ముందు కాటా, తరవాతే కాసు

అమ్మడూ,

నీ సొంత సంపాదనతో పాత సావరిన్ కాసు (బ్రిటిష్ వాళ్ళ బంగారు నాణెం) ఒకటి కొంటున్నావనీ, దాన్ని తూచడానికి అరచేతిలో పట్టే డిజిటల్ కాటా కూడా తెప్పించావనీ మీ అమ్మ నిన్న ఫోన్‌లో చెప్పింది. చేతిలో చిల్లర పెడితే లెక్కపెట్టకుండా జేబులో పోసుకునే పిల్లవి, ఎప్పుడు ఇంత దానివయ్యావో అని చాలాసేపు మురిసిపోయాను. తరవాత ఆ కాటా సంగతి గుర్తొచ్చి నిద్ర పట్టలేదు.

తెలిసిన విషయాలు ముందు గబగబా చెప్పేస్తాను. కాసుని ప్లాస్టిక్ డబ్బీలోంచి తీసి తూచు. అంచులు పట్టుకో, ముఖం మీద వేలు పెట్టకు. ఫ్యాన్ ఆపు. కాటా కనీసం 0.01 గ్రాము దాకా చూపించేది కావాలి. వంటింటి కాటా 8 అని చూపించి ఊరుకుంటుంది, దానికి 7.6 అయినా ఎనిమిదే.

అందరూ ఎనిమిది గ్రాములు అంటారు గానీ సావరిన్ అసలు బరువు 7.988. 22 క్యారెట్లది కాబట్టి అందులో అచ్చమైన బంగారం 7.32 గ్రాములే, మిగతాది కలిపిన లోహం. చేతులు మారీ మారీ అరిగిన కాసు కాస్త తగ్గుతుంది. 1870 నాటి బ్రిటిష్ నాణేల చట్టం కూడా 7.94 దాకా అరుగుదలని ఒప్పుకుంది. కాబట్టి 7.96 చూసి కంగారు పడకు. 7.5 చూస్తే మాత్రం ఆగు. ఆగమన్నానంతే, నోరు తెరవమనలేదు. ఎందుకో చెప్తాను.

నేను మొదటిసారి ఇలాంటి కాటా కొన్న రోజుల్లో పెద్ద నిపుణుణ్ణయిపోయాను. ఉంగరం కనిపిస్తే తూచడం, తాళంచెవి కనిపిస్తే తూచడం. దాన్ని సరిచూసుకోవడానికి ఒక మీట ఉండేది. అది నొక్కితే తెర మీద 100 అని వచ్చేది, అంటే సరిగ్గా వంద గ్రాముల తూకపురాయి పెట్టమని. నా దగ్గర రాయి లేదు. అట్టపెట్టె మీద 100 గ్రాములు అని అచ్చేసి ఉన్న సబ్బు ఉంది. పెట్టెతో సహా తీసి పెట్టాను. కాటా ఓకే అంది. నా తెలివికి నేనే మెచ్చుకున్నాను.

కొన్నాళ్ళకి, నాతో పనిచేసి రిటైరైన పెద్దాయన ఒకరు చేతిరుమాలులో చుట్టి ఒక కాసు తెచ్చారు. పోయిన ఆయన భార్యకి పెళ్ళిలో వాళ్ళ నాన్నగారు ఇచ్చిందట. "అమ్మాలని కాదండీ, ఊరికే చూడండి" అన్నారు. తూచాను. 7.71. తీసి మళ్ళీ పెట్టాను. 7.71. అంకె కదలకపోతే అదే నిజమనుకునే వయసు నాది. "ఇది అసలుది కాదండీ, పావు గ్రాము పైనే తక్కువుంది" అన్నాను, డాక్టర్ రిపోర్టు చదివినట్టు. ఆయన ఒక్క మాట ఎదురు చెప్పలేదు. రుమాలు నాలుగు మూలలూ ఒకదాని మీద ఒకటి నెమ్మదిగా మడిచి, జేబులో పెట్టుకుని వెళ్ళిపోయారు.

పది రోజుల తరవాత నా కాసుని తూచాను. మా నాన్న నాకిచ్చింది, అనుమానమే లేనిది. 7.71.

అప్పుడు వెలిగింది. వంద గ్రాములు లోపలి సబ్బు బరువు. అట్టపెట్టె, లోపలి కాగితం అదనం. ఆ మూడు నాలుగు గ్రాముల్ని కూడా కలిపి వంద అనుకోమని కాటాకి నేర్పింది నేనే. అది నేర్చుకుని, ఆ లెక్కన ప్రతిదాన్నీ తక్కువ చేసి చూపించింది.

ఆ సాయంత్రమే ఆయన ఇంటికి వెళ్ళాను. "తెలుసులెండి, మర్నాడే గీటురాయి మీద చూపించుకున్నాను" అన్నారు. కోపం లేదు. కాసేపాగి మాత్రం, "ఒక్క రాత్రి మా మామగారిని అనుమానించానండీ" అన్నారు. దానికి ఏం జవాబు చెప్పాలో నాకు ఇప్పటికీ తెలీదు.

నువ్వు మోసపోతావేమోనని మీ అమ్మ భయం. నీ కాసు కోసం ఎవరినైనా దొంగని చేస్తావేమోనని నా భయం. రెండూ ఉంచుకో.

ఇక మోసం సంగతి. బరువు సరిపోయిందని సంబరపడి వదిలేస్తావు నువ్వు, నీ తొందర నాకు తెలుసు. వెర్నియర్ కాలిపర్ తెచ్చుకో. వెడల్పు 22.05 మిల్లీమీటర్లు, మందం 1.52 ఉండాలి. బంగారం అంత చిన్న చోట అంత బరువు ఇమిడిపోయేది. అదే కొలతల్లో ఇత్తడితో చేసి పూత పూస్తే నాలుగు గ్రాములు కూడా తూగదు, సీసమైనా ఐదు దాటి ఆగిపోతుంది. బరువు సరిపెట్టాలంటే మందమో వెడల్పో పెంచక తప్పదు. బరువు ఒక్కటే చూసేవాణ్ణి మోసం చేసేది ఆ మందమే. అయస్కాంతం మీద ఆశ పెట్టుకోకు, ఇత్తడీ సీసం కూడా దానికి అంటుకోవు.

ఓపికుంటే నీళ్ళలో కూడా చూడు. కాటా మీద గ్లాసులో నీళ్ళు పెట్టి సున్నా చెయ్యి. కాసుని సన్నని దారంతో కట్టి, అడుగుకీ గోడకీ తగలకుండా ముంచి పట్టుకో. 0.45 దగ్గర చూపించాలి, అది కాసు పక్కకి తోసిన నీళ్ళ బరువు. 7.98ని దాంతో భాగిస్తే 17.7 వస్తుంది, 22 క్యారెట్ల సాంద్రత ఆ దరిదాపుల్లోనే. కాసుకి గాలిబుడగ అంటుకుంటే అంకె పెరిగి, మంచిది కూడా నకిలీలా కనిపిస్తుంది. దారం మెల్లగా కదిపి బుడగ పోగొట్టాకే చదువు. (చూశావా, మళ్ళీ అక్కడికే వచ్చాను.)

టంగ్‌స్టన్ అనే లోహం సాంద్రత 19.25, అచ్చమైన బంగారానిది 19.32. లోపల టంగ్‌స్టన్ పెట్టి పైన బంగారంతో చేస్తే తూకానికీ కాలిపర్‌కీ దొరకడం కష్టం. ఇంత చిన్న కాసులో అంత గట్టి లోహాన్ని ఇమడ్చడం తేలిక కాదు గానీ, డబ్బు ఇచ్చే ముందు తెలిసినవాళ్ళ చేత ఒకసారి పరీక్ష చేయించు. అందులో నామోషీ ఏం లేదు.

మీ అమ్మ వచ్చినప్పుడు నా కాసు ఇచ్చి పంపిస్తున్నాను. మంచి కాటా మీద 7.98 తూగింది. నువ్వు కొనే దాన్ని తూచే ముందు ఇది తూచు. ఇదే తక్కువ చూపిస్తే కాటాని కట్టేసి ఇంటికొచ్చెయ్, అవతలివాళ్ళతో ఏమీ అనకు. అప్పుగా ఇస్తున్నాను సుమా, ఇచ్చెయ్యడం కాదు. జిప్పున్న జేబులో పెట్టుకో.

తూచాక రెండంకెలూ నాకు మెసేజ్ పెట్టు. ముందు నాది, తరవాత నీది.

మీ మామయ్య