కారు ఎత్తు తగ్గించే లోయరింగ్ స్ప్రింగ్స్ వేశాక, చక్రాన్ని బాడీకి కలిపే కంట్రోల్ ఆర్మ్ బోల్టులు కారు జాకీ మీద ఉండగానే బిగించేయవచ్చా?

బిగించకూడదు, రబ్బరు బుష్ (ఆర్మ్ కీలు దగ్గరి రబ్బరు తొడుగు) ఉన్న ప్రతి బోల్టుకూ చివరి బిగింపు కారు బరువు చక్రాల మీద పడ్డాకే, కొత్త ఎత్తులోనే ఇవ్వాలి.

ఈ బుష్‌లో రబ్బరు లోపలి గొట్టానికీ బయటి గొట్టానికీ అతుక్కుని ఉంటుంది. బోల్టు బిగియగానే లోపలి గొట్టం బ్రాకెట్‌కు పట్టేస్తుంది. ఆపై ఆర్మ్ కదిలినప్పుడల్లా మెలిపడేది రబ్బరే. చక్రం గాల్లో వేలాడుతుండగా బిగిస్తే, కారు దించగానే రబ్బరు మెలితిరిగి అలాగే ఉండిపోతుంది.

వేలాడే స్థితి నుంచి నిలబడే ఎత్తుకు ఆర్మ్ 15 డిగ్రీలు తిరుగుతుందనుకోండి. బంప్ మీద ఇంకో 10 డిగ్రీలు లేచిందంటే, రబ్బరు మోయాల్సిన మెలి 25 డిగ్రీలు. త్వరగా చీలిపోతుంది. పైగా ఆ మెలి అదనపు స్ప్రింగ్‌లా తన్ని, కారును అనుకున్నంత దిగనివ్వదు.

దీన్ని చూసి చాలామంది ‘స్ప్రింగ్స్ ఇంకా సెట్ కాలేదు, నాలుగు రోజుల్లో దిగుతుంది’ అనుకుంటారు. తప్పు పట్టాల్సింది స్ప్రింగ్‌ను కాదు, బుష్‌ను. విప్పని బోల్టులనూ వదిలేయకండి: అవి పాత ఎత్తుకు బిగిసి ఉన్నవి, వదులు చేసి మళ్లీ బిగించాలి.

ర్యాంపుల మీదకు ఎక్కించి, కారును రెండు మూడుసార్లు కిందికి అదిమి వదిలి, మాన్యువల్‌లోని బిగింపు విలువకు, ఆ బలాన్ని కొలిచే టార్క్ రెంచ్‌తో బిగించండి. వీల్ అలైన్‌మెంట్ ఆ తర్వాతే. గొట్టం మీద స్వేచ్ఛగా తిరిగే పాలీయురేథేన్ బుష్‌లకు మాత్రం ఈ బాధ లేదు.