నల్లమల ఎలుకకు నాన్నగారి పేరు పెట్టొచ్చా?

ప్రశ్న: మా ఊరి పక్క గుట్టల్లో ఒక ఎలుక తిరుగుతోంది. ఇంటి ఎలుక మాత్రం కాదు. వీపు బూడిద కలిసిన గోధుమరంగు, పొట్ట తెలుపు. తోక మొదట్నుంచి సగం దాకా నలుపు, అక్కణ్ణుంచి కొస దాకా తెలుపు. రోడ్డు మీద చచ్చిపడి ఉన్న ఒకదాన్ని తెచ్చి బడి ల్యాబులో ఫార్మలిన్ సీసాలో వేశాను. ఫొటో జతచేస్తున్నాను. ఇది కొత్త ఉపజాతి అయితే మా నాన్నగారి పేరు పెట్టాలని ఆశ. ఏం చేయాలి?
– సైన్సు ఉపాధ్యాయుడు, ఆత్మకూరు (నంద్యాల జిల్లా)

జవాబు: మాస్టారూ, ఫొటోలో నా కన్ను నేరుగా తోక మీదికే పోయింది. ఒంటి కంటే పొడుగు, చివరి సగం సున్నం వేసినట్టు తెలుపు. మీకు నచ్చని మాట ముందే చెప్పేస్తాను. ఈ ఎలుకకు పేరు పెట్టి 140 ఏళ్లు దాటింది. లండన్ బ్రిటిష్ మ్యూజియంలో పనిచేసిన ఓల్డ్‌ఫీల్డ్ థామస్ 1881లో దీన్ని వర్ణించి, బ్లాన్‌ఫోర్డ్ అనే ప్రకృతి శాస్త్రవేత్త పేరు మీద ‘బ్లాన్‌ఫోర్డి’ అన్నాడు. ఆయన చేతికందిన నమూనా ఎక్కడిదనుకున్నారు? మన కడపది! మొదట ‘మస్’ అనే ప్రజాతిలో (దగ్గరి చుట్టాలైన జాతుల గుంపు) పెట్టారు, తర్వాత రెండు మూడు ఇళ్లు మారి ఇప్పుడు ‘మాడ్రోమిస్ బ్లాన్‌ఫోర్డి’గా స్థిరపడింది. రాతి గుట్టలు, చెట్టు తొర్రలు దీని కాపురం. శ్రీలంకలోనూ ఉంటుంది. పుర్రె చూడకుండా నూటికి నూరుపాళ్లూ ఒప్పుకోను గానీ, ఆ తోక మరో ఎలుకకు ఉండటం అరుదు.

సరే, జాతి పాతదే, మా నల్లమలలో ఉన్నది కొత్త ఉపజాతి కావచ్చు కదా అంటారేమో. అక్కడే ఒక చిక్కుంది. మొదటి నమూనా ఏ చోటిదో ఆ చోటి ఎలుకలకే అసలు పేరు దక్కుతుంది. కడప ఎలుకలే అసలైన బ్లాన్‌ఫోర్డి. మీవి వాటికి ఇరుగుపొరుగు. రేపు ఎవరైనా శ్రీలంక ఎలుకలకీ వీటికీ తేడా ఉందని నిరూపించినా, కొత్త పేరు వచ్చేది శ్రీలంక వాటికే. మీ గుట్టలోవి పాత పేరుతోనే ఉండిపోతాయి.

అయినా పని ఎలా జరుగుతుందో చెబుతాను. మీ పిల్లలకైనా పనికొస్తుంది. ఉపజాతి అనేది ఒక ఎలుక గురించి చెప్పే మాట కాదు, ఒక చోట బతికే ఎలుకలన్నిటి గురించి చెప్పే మాట. కాబట్టి ఒక్క సీసాతో అయ్యేది కాదు. ఆ చోటివి పదో ఇరవయ్యో కావాలి, మిగతా చోట్ల నుంచీ అన్ని కావాలి. ఆడా మగా రెండూ ఉండాలి, అన్నీ ఈడొచ్చినవై ఉండాలి. పిల్ల ఎలుకల బొచ్చు బూడిదరంగులో ఉంటుంది. దాన్ని చూసి ‘కొత్త రంగు’ అని సంబరపడినవాళ్లు చరిత్రలో తక్కువేం లేరు. వయసు పళ్లలో తెలుస్తుంది: దవడ పళ్ల మీద గుబ్బలు అరిగేకొద్దీ నున్నబడతాయి.

ఎలుక చేతికి రాగానే, బిగుసుకుపోకముందే కొలతలు తీయాలి. తల నుంచి తోక మొదలు వరకు, తోక, వెనక పాదం, చెవి, బరువు. వెనక పాదాన్ని మడమ నుంచి వేలి కొస దాకా కొలుస్తారు. గోరు కలిపారా, వదిలేశారా అన్నది రాసి తీరాలి. పాత పట్టికల్లో కొందరు కలిపారు, కొందరు వదిలేశారు. ఆ ఒకటి రెండు మిల్లీమీటర్లను చూసి లేని ఉపజాతి ఉందనుకునే ప్రమాదం ఉంది. తర్వాత చర్మం తీసి, దూది కూరి, తోకలో తీగ పెట్టి కుడతారు. తోక చర్మం పట్టుతప్పితే తొడుగులా ఊడి వచ్చేస్తుంది. కొత్తగా చేరిన కుర్రాళ్లకు మా మ్యూజియంలో అదే పెద్ద టెన్షన్. పుర్రెను డెర్మెస్టిడ్ పురుగుల డబ్బాలో పెడితే మాంసమంతా అవే తినేసి శుభ్రం చేస్తాయి. చర్మానికీ పుర్రెకీ ఒకే నంబరు చీటీ కట్టాలి. చీటీ ఊడిపోయిన ఎలుక ఎంత అందంగా కుట్టినా దేనికీ పనికిరాదు.

ఇక అసలు కథ. 1910ల్లో బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ దేశమంతా క్షీరదాల సర్వే చేయించింది. గుట్టలుగా వచ్చిపడిన ఎలుకలను లండన్లో మార్టిన్ హింటన్ అనే జంతుశాస్త్రవేత్త కూర్చుని విడదీశాడు. 1918లో ఇంటి ఎలుకకు వరసగా ఉపజాతులు రాశాడు: గిర్ అడవిది గిరెన్సిస్, నర్మద ప్రాంతానిది నర్బదే, సతారా జిల్లా కొయనా లోయది సతారే. చాలామంది తర్వాతివాళ్లు వాటన్నిటినీ ‘ర్యాటస్ ర్యాటస్’లో, అంటే మామూలు ఇంటి ఎలుక జాతిలో కలిపి కొట్టిపారేశారు. నన్నడిగితే అందులో చాలావరకు సబబే. ఇంటి ఎలుక రంగు ఊరికొక రకంగా ఉంటుంది.

కానీ సతారే తిరిగి లేచింది. కర్ణాటకలోని కొడగు వైపు పట్టిన ఎలుకలను మారీ పాజెస్ అనే పరిశోధకురాలి బృందం కొలతలు, క్రోమోజోములు, జన్యువులు మూడు విధాలా పోల్చి 2011లో ఫలితాలు ప్రచురించింది. ఇంటి ఎలుకా, సతారే ఎలుకా ఒకే ప్రాంతంలో ఉన్నాయి, అయినా దేని దారి దానిదే. ఒకే జాతికి చెందిన రెండు ఉపజాతులు ఒకేచోట కలిసి బతికితే జత కట్టి కలిసిపోవాలి. కలవడం లేదంటే అవి వేరు జాతులు. అలా సతారే ఉపజాతి నుంచి పూర్తి జాతి అయింది. అయినా పేరు పక్కన ఇప్పటికీ ‘హింటన్, 1918’ అనే ఉంటుంది. హోదా పెంచినవాళ్లకు ఆ గౌరవం దక్కదు, మొదట పేరు పెట్టినవాడిదే. అందుకే అంటాను, కొత్తది అనే ముందు కొట్టేసిన పాత పేర్లన్నీ తిరగెయ్యాలి. మీరు కొత్తదనుకున్నది వాటిలో ఒకటి అయిందంటే ఆ పేరే వాడాలి.

మీ సీసా సంగతి. ఫార్మలిన్ డీఎన్ఏను పాడుచేస్తుంది, రంగు మారుస్తుంది, ఏళ్ల తరబడి ఉంచితే ఎముకనూ మెత్తబరుస్తుంది. మళ్లీ చచ్చిన ఎలుక దొరికితే ముందు చెవి ముక్కో కాలేయం ముక్కో చిన్న గొట్టంలో ఆల్కహాల్‌లో వేయండి, మిగతాది తర్వాత. గ్లవ్స్ లేకుండా ముట్టుకోవద్దు, ఎలుకల నుంచి సోకే లెప్టోస్పైరోసిస్ ఊరికే పోయే జబ్బు కాదు. బోను పెట్టాలని మాత్రం పూనుకోకండి. మీ పక్కన ఉన్నది నాగార్జునసాగర్–శ్రీశైలం పులుల అభయారణ్యం, అటవీ శాఖ అనుమతి లేకుండా అక్కడ ఏదీ పట్టకూడదు. నిజంగా కొత్తదే అయితే 2002 జీవవైవిధ్య చట్టం ప్రకారం నమూనాను గుర్తింపు పొందిన భాండాగారానికి అప్పగించాలి. జంతువులకైతే అది జువలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా. హైదరాబాద్‌లో దాని కేంద్రం ఉంది, ఫొటోలతో ముందు వాళ్లకు రాయండి. 2000 సంవత్సరం నుంచి హోలోటైప్, అంటే పేరుకు ఆధారమైన ఆ ఒక్క నమూనా ఏదో, ఎక్కడుందో రాయకపోతే పేరే చెల్లదు.

నాన్నగారి పేరు పెట్టడానికి నియమాలు అడ్డురావు. సొంత పేరు పెట్టుకోవడానికీ రావు, కాకపోతే నలుగురూ నవ్వుతారు.

ప్రశ్న: అమ్మా, ఈ కాలంలో కూడా ఎవరూ చూడని ఎలుకలు దొరుకుతాయా?
– డిగ్రీ విద్యార్థి, మార్కాపురం

జవాబు: ‘ఎవరూ’ అంటే ఎవరు బాబూ? సోలమన్ దీవుల్లో వంగును అనే దీవి ఉంది. చెట్ల మీద తిరిగే పెద్ద ఎలుక ఒకటి ఉందని అక్కడివాళ్లు ఎప్పటినుంచో చెబుతున్నారు, ‘వికా’ అని పిలుస్తారు కూడా. టైరోన్ లావరీ అనే శాస్త్రవేత్త ఏళ్ల తరబడి వెతికినా దొరకలేదు. 2015లో కలప కోసం నరికిన చెట్టు నుంచి ఒకటి కిందపడి చచ్చిపోయింది. ఆ ఒక్కదాంతోనే ఆయనా, ఆ దీవులకే చెందిన హికునా జడ్జ్ కలిసి 2017లో ‘యూరోమిస్ వికా’ అని వర్ణించారు. తోకతో కలిపి సుమారు 46 సెంటీమీటర్లు! బతికున్నదాని ఫొటోలు 2023లో గానీ అచ్చు కాలేదు. కెమెరాల ముందుకు దాన్ని రప్పించడానికి నువ్వుల నూనె దీపాలు పెట్టారట.

ఇందాక మాస్టారికి ఒక్క నమూనా చాలదన్నాను, ఇక్కడ ఒక్కదాంతో ఎలా కుదిరిందని అడుగుతావు. పుర్రె, పళ్లు దగ్గరి చుట్టాలతో ఎక్కడా కలవనంత తేడాగా ఉంటే జాతికి ఒకటి చాలు. ఉపజాతి తేడాలు అంత పెద్దవి కావు, అందుకే అక్కడ లెక్క ఎక్కువ కావాలి.

ప్రశ్న: ఎలుకలను చంపకుండా వాటి పుర్రెలు చూసే వీలుందా?
– గృహిణి, మంచిర్యాల

జవాబు: ఉందమ్మా. పాత గుడి గోపురంలోనో పాడుబడ్డ ఇంట్లోనో గుడ్లగూబ ఉంటే, అది కూర్చునే చోటు కింద బొటనవేలంత నల్లటి ఉండలు పడి ఉంటాయి. రెట్ట కాదు, అరగని ఎముకలూ బొచ్చూ కలిపి నోటితో కక్కిన ఉండలు. ముక్కుకు గుడ్డ కట్టుకుని ఏరి, ఊరూ తేదీ రాసిన కవర్లో వేయండి. గోరువెచ్చని నీళ్లలో నానబెట్టి, సూదితో మెల్లగా విడదీస్తే పుర్రెలు బయటపడతాయి. పై దవడ పళ్లు ఊడకుండా చూడండి, గుర్తుపట్టేది వాటితోనే. తర్వాత చేతులు సబ్బుతో కడుక్కోండి. ఆ గిన్నెను మళ్లీ వంటింట్లోకి రానివ్వకండి.