బాత్రూమ్ గోడ మీద కనిపించిన చారల పాము కట్లపామేనా?

మీరు రాసినదాన్ని బట్టి అది కట్లపాము కాకపోవడానికే ఎక్కువ అవకాశం ఉందండి. మూరెడు పొడవు, ముదురు గోధుమ రంగు, మెడ దగ్గర నుంచే మొదలైన లేత పసుపు చారలు, పైగా బాత్రూమ్ గోడ మీద కిటికీ వైపు నిటారుగా ఎక్కుతోందన్నారు. ఈ నాలుగూ ఒకచోట కలిస్తే అది దాదాపుగా వుల్ఫ్ స్నేక్. దానికి విషం లేదు. కట్లపాము మామూలుగా నేల మీదే తిరుగుతుంది, నున్నటి గోడలు అలా ఎక్కదు. వుల్ఫ్ స్నేక్ మాత్రం బల్లుల కోసం గోడలు, పైపులు, తలుపు సందులు అన్నీ ఎక్కుతుంది. మీ బాత్రూమ్‌లో లైటు చుట్టూ బల్లులు బాగా చేరుతున్నాయేమో ఒకసారి చూడండి.

మాది దివిసీమ. కాలువలకు నీళ్లు వదిలి నాట్లు మొదలయ్యాక గట్ల మీద, ఇళ్ల చుట్టూ పాములు కనిపించడం మాకు ఏటా ఉండేదే. 2018 వర్షాకాలంలో అవనిగడ్డ చుట్టుపక్కల పాముకాట్లు వరసపెట్టి జరిగాయి. ఆ భయంలో మా ఊళ్లో ఏది కనిపిస్తే దాన్ని కొట్టి చంపారు. నేను చూసినంతలో అందులో ఎక్కువ నీళ్లపాములు, జెర్రిపోతులు, ఈ వుల్ఫ్ స్నేకులే. చారలు ఉంటే చాలు, అన్నిటినీ కట్లపామనే అనేవారు. అప్పటి నుంచే వీటిని సరిగ్గా గుర్తుపట్టడం నేర్చుకోవాలని పట్టుబట్టాను.

ముందు చూడాల్సింది చారలు ఎక్కడ మొదలయ్యాయన్నది. వుల్ఫ్ స్నేక్‌కి మెడ దగ్గర పట్టీలా ఒక లేత చార ఉంటుంది. ముందు భాగంలో చారలు వెడల్పుగా, స్పష్టంగా ఉండి తోక వైపు వెళ్లేకొద్దీ మాసిపోతాయి. కట్లపాముకి సరిగ్గా తిరగేసి. తల, మెడ దాటి కొంత దూరం వరకు నల్లగా ఉండి, ఆ తర్వాత సన్నటి తెల్ల గీతలు, చాలాసార్లు రెండేసి జతలుగా, మొదలవుతాయి. తోక వైపుకే అవి చక్కగా కనిపిస్తాయి. ఒంటి రంగు నిగనిగలాడే నలుపు, వెలుతురులో కాస్త నీలం ఛాయ కొడుతుంది. వుల్ఫ్ స్నేక్ తల చప్పిడిగా ఉంటుంది, కళ్లు కాస్త ఉబ్బినట్టుంటాయి. కట్లపాముకి తల ఎక్కడ అయిపోయి మెడ ఎక్కడ మొదలైందో తెలియదు.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. కట్లపాము పిల్లలకి చారలు మెడకు దగ్గరగానే మొదలవుతాయి. బాగా ముదిరిన కట్లపాముకి అసలు చారలే లేనట్టు ఉండొచ్చు. అందుకే నేను చారలతో ఆగకుండా వీపు చూస్తాను. పక్కింటివాళ్లు చంపిన ఒక పెద్ద కట్లపామును పగటి వెలుతురులో దగ్గరగా చూసినప్పుడు ఈ సంగతి బాగా అర్థమైంది. వెన్ను మధ్యలో పొడుగునా ఒక వరస పొలుసులు మిగతావాటికంటే పెద్దవిగా, తేనెపట్టు గదుల్లా ఆరు మూలలతో ఉన్నాయి. వుల్ఫ్ స్నేక్‌కి ఇలా ఉండదు, వీపు మీద పొలుసులన్నీ ఇంచుమించు ఒకే సైజు. ఇది చూడటానికి పాము దగ్గరికి వెళ్లనక్కర్లేదు, దూరం నుంచి జూమ్ చేసి తీసిన ఫొటో చాలు.

మీరు ఇంకో మాట రాశారు, పిల్లలతో కలిసి నేల మీదే పడుకుంటామని. నాకు పాము కంటే అదే టెన్షన్‌గా ఉంది. కట్లపాము రాత్రిపూట తిరిగే పాము. ఎలుకలు, బల్లులు, వేరే పాముల కోసం ఇళ్లలోకి వస్తుంది. నిద్రలో ఉన్నవాళ్లనే ఎక్కువగా కరుస్తుంది, కోరలు చిన్నవి కాబట్టి నొప్పి, వాపు పెద్దగా ఉండవు. మా బంధువు ఒకాయన వరండాలో చాప మీద పడుకుని తెల్లవారుజామున కడుపునొప్పితో లేచాడు. గ్యాస్ అనుకుని సోడా తాగించారు. కాసేపటికి కనురెప్పలు పైకి లేవలేదు, మాట ముద్దముద్దగా వచ్చింది. ఆ రెప్పలు చూసి మా బాబాయి పాముకాటేనని వెంటనే పెద్దాసుపత్రికి తీసుకెళ్లాడు. వెంటిలేటర్ పెట్టి, పాము విషానికి ఇచ్చే ఇంజెక్షన్ ఇచ్చి బతికించారు. కాటు గుర్తు ఒంటి మీద ఎక్కడుందో చివరికి కూడా దొరకలేదు.

2000 నుంచి 2019 దాకా మన దేశంలో పాముకాటుతో చనిపోయినవాళ్లు సుమారు 12 లక్షలని అంచనా, అంటే ఏడాదికి 58 వేల మంది. అందులో సగం జూన్, సెప్టెంబర్ మధ్యలోనే. కాబట్టి ఈ నాలుగు నెలలైనా మంచాల మీద పడుకోండి. కుదరకపోతే దోమతెర కట్టి అంచులు పరుపు కిందకి పూర్తిగా దోపండి. బాత్రూమ్ నీళ్లు పోయే కన్నానికి జాలీ, కిటికీకి సన్న మెష్ వేయించండి. పక్కన ఖాళీ స్థలం ఉందన్నారు కదా, గోడకి ఆనించి ఇటుకలు, కట్టెలు పేర్చి ఉంటే తీయించండి. పగలు కట్లపాము అలాంటి చోటే చుట్టుకుని, తల చుట్టల కింద దాచుకుని పడుకుంటుంది. అలా మందకొడిగా ఉందని చేత్తో కదపొద్దు.

ఎవరినైనా కరిస్తే మాత్రం ఏ పామన్న చర్చ పెట్టుకోకండి. గట్టిగా కట్లు కట్టడం, కోయడం, నోటితో పీల్చడం, పసరు మందులు ఏవీ వద్దు. కరిచిన చెయ్యో కాలో కదలకుండా ఉంచి 108కి ఫోన్ చేయండి. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర నాలుగింటికీ మన దగ్గర ఇచ్చే మందు ఒక్కటే. పామును పట్టుకుని ఆసుపత్రికి తీసుకెళ్లాల్సిన అవసరం లేదు. పొద్దున్నే కారణం తెలియని కడుపునొప్పి, రెప్పలు వాలిపోవడం కలిసి కనిపిస్తే కాటు గుర్తు లేకపోయినా బయల్దేరండి.

మీ తమ్ముడు కర్ర తీసుకుంటానన్నాడని రాశారు, ఆయనకి దయచేసి ఇది చూపించండి. పామును చంపబోయే కాటు తిన్నవాళ్లు మా ఊళ్లోనే ఉన్నారు. మీది హైదరాబాద్ శివారే కాబట్టి ఫ్రెండ్స్ ఆఫ్ స్నేక్స్ సొసైటీ వాలంటీర్లకి ఫోన్ చేస్తే వచ్చి పట్టుకెళ్తారు. వాళ్లు వచ్చేలోపు పిల్లల్ని వేరే గదిలోకి పంపి, పాము ఏ మూలకి వెళ్లిందో దూరం నుంచి ఒకరు చూస్తూ ఉండండి.

మళ్లీ కనిపిస్తే పైనుంచి వీపు మొత్తం పడేలా ఒక ఫొటో, తల పక్క నుంచి ఒకటి తీసి ఇక్కడ పెట్టండి. ఫ్లాష్ వేయొద్దు, పొలుసుల మీద వెలుగు మెరిసి ఆకారం కనిపించదు. గదిలో లైటు వేసి తీస్తే చాలు.