నెల్లూరు నుంచి కొత్తపట్నం దాకా: హైవే దిగితేనే సముద్రం

నెల్లూరు నుంచి ఒక్క రోజులో సముద్రం వెంట బైకు మీద తిరగడానికి మంచి దారి ఏది, దానికి ఏ బైకు కావాలి అని అడిగారు. బైకు సంగతి చివర చెబుతాను. ముందు దారి.

అలలను చూస్తూ నెల్లూరు నుంచి ఒంగోలు దాకా నేరుగా సాగిపోయే రోడ్డు కోసం వెతక్కండి. హైవే మీద వెళుతూ తూర్పుకు తిరిగిన చిన్న రోడ్డల్లా పట్టుకోండి. వరి పొలాలు, రొయ్యల గుంటలు, ఉప్పు మడులు, బకింగ్‌హామ్ కాలువ, సరుగుడు తోటలు దాటించి అది మిమ్మల్ని ఇసుకలో దింపుతుంది. పట్టుమని అరగంట ప్రయాణంలో నేల ఇన్ని రంగులు మారడం నేను మరెక్కడా చూడలేదు. విశాఖ, భీమిలి రోడ్డు కూడా దీని ముందు దిగదుడుపే.

నెల్లూరు దగ్గరి మైపాడు బీచ్ అందరికీ తెలిసిందే కాబట్టి దాన్ని వదిలేయండి. తెల్లవారకముందే పెన్న దాటి కోవూరు, అల్లూరు మీదుగా ఇసకపల్లి చేరండి. ఫిబ్రవరి, మార్చి నెలల్లో అయితే ఉప్పు మడుల్లో పని జోరుగా సాగుతుంటుంది. కుప్పల మీద తాటాకు కప్పి ఉంటుంది. ఒక్క అకాల వర్షం చాలు, ఆ కష్టమంతా నీళ్లలో కలవడానికి. అక్కడి నుంచి కావలి, తుమ్మలపెంట.

తుమ్మలపెంట గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి. నేనూ మా బావమరిదీ వెళ్లేసరికి ఒడ్డున అలివి వల లాగుతున్నారు. ఒక కొస తాడును ఒడ్డునే ఉంచి, పడవలో వెళ్లి వలను విల్లులా సముద్రంలో వదిలి, రెండో కొస తాడును ఒడ్డుకు తెస్తారు. రెండు జట్లు దూరదూరంగా నిలబడి లాగుతూ, వల దగ్గరపడే కొద్దీ ఒకరి వైపు ఒకరు జరుగుతారు. నడుముకున్న పట్టీని తాడుకు మెలివేసి, వెనక్కి వాలి అడుగు వేస్తారు. అందరికంటే వెనక ఉన్న మనిషి తాడు విడిచి, మళ్లీ నీళ్ల దగ్గరకు నడిచి, ముందు చేరతాడు. చెప్పులు విడిచి మేమూ తాడు పట్టుకున్నాం. నా ముందున్న పెద్దాయన తిరిగి చూసి, "చేతులతో లాగొద్దు నాయనా, వెనక్కి వాలు. అల వెనక్కి పోయేటప్పుడు బిగపట్టు, వచ్చేటప్పుడు అడుగు వెయ్యి" అన్నాడు. అలాగే చేశాను. వచ్చే అలే వలను మన వైపు తోస్తుంది. చూస్తుండగానే తాడు వదులై రెండు అడుగులు కలిసొచ్చాయి.

వల సంచి ఒడ్డెక్కింది. కవళ్లు, కొన్ని కానాగంతలు, మిగతాదంతా జెల్లీ చేపలు. ఆడవాళ్లు ఇసుక మీదే వేలం పాట పెట్టారు. అంతమంది చెమటకు పలికిన ధర విని, మర్నాడు నెల్లూరులో అదే చేప అమ్మే ధర చూస్తే నాకు కడుపు మండింది. మధ్యలో ఎవరు తింటున్నారో అందరికీ తెలుసు, అడిగేవారే లేరు. ఇంకో బాధ కూడా ఉంది. కారులో వచ్చిన కుర్రాళ్లు ఆరబెట్టిన వలల మీద బూట్లతో నిలబడి ఫోటోలు తీసుకున్నారు. పోతూ సీసాలు ఇసుకలో పారేశారు. ఆ ఇసుకలో చెప్పులు లేకుండా నడిచేది వల లాగేవాళ్లే. దయచేసి మీరు ఆ పని చేయకండి.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మరపడవల వేట నిషేధం. అప్పుడు ఆ పడవలన్నీ ఒడ్డునే ఉంటాయి, మనుషులు వలలు బాగు చేసుకుంటూ తీరిగ్గా మాట్లాడతారు. ఎండ భరించగలిగితే మే నెలలోనే వెళ్లమంటాను, ఉలవపాడు మామిడి అప్పుడే దొరుకుతుంది. రోడ్డు పక్కన ఆగి ఒక బంగినపల్లి కోయించుకుని తినండి.

రామాయపట్నం వైపు ఓడరేవు పనుల టిప్పర్లుంటాయి, జాగ్రత్త. మధ్యాహ్నం ఎండ తగ్గే దాకా సింగరాయకొండలో ఆగి, పాకల బీచ్ చూసుకుని, ఒంగోలు మీదుగా సాయంత్రానికి కొత్తపట్నం చేరండి. 1937లో సోషలిస్టులు వేసవి రాజకీయ పాఠశాల పెడితే దాన్ని అప్పటి ప్రభుత్వం నిషేధించిన ఊరది. ఇప్పుడు అక్కడికి వెళ్లేవాళ్లలో ఆ సంగతి ఎందరికి తెలుసు? ఊళ్లో ఒక చిన్న బోర్డు పెట్టడానికి ఎంత ఖర్చవుతుంది? ఏ ఒడ్డునైనా సరే, స్థానికులు దిగవద్దన్న చోట నీళ్లలో దిగకండి. ప్రతి వేసవిలో పేపర్లో చూసే ఆ వార్తలు చాలు.

ఇక బైకు. వంద సీసీ బండి చాలు. లక్షలు పోసి కొన్న బరువైన బండి ఇసుకలో దిగబడితే తీయడానికి నలుగురు కావాలి. తిరుగు ప్రయాణానికి హైవే పట్టండి, చీకట్లో గుంటల గట్ల మీద నడపకండి. ఇంటికి చేరగానే ఎంత అలసటగా ఉన్నా బండిని మంచినీళ్లతో కడిగి, ఆరాక చైనుకు నూనె పెట్టండి. ఉప్పు గాలి తగిలిన చైనును అలా వదిలేస్తే తుప్పు పట్టడానికి ఎక్కువ రోజులు పట్టదు.