డీఓ మీటరు క్యాలిబ్రేషన్: శాతం సరిపోయినా పీపీఎం ఎందుకు తేడా వస్తుంది?

నీటిలో కరిగిన ఆక్సిజన్‌ను (డీఓ) కొలిచే మీటరును గాలిలో 100 శాతానికి సరిచేసినా (క్యాలిబ్రేట్ చేసినా) మధ్యాహ్నం రొయ్యల చెరువులో 130 శాతం చూపిస్తోందని, తెల్లవారుజామున పక్క రైతు మీటరుకూ మీ మీటరుకూ దాదాపు అర పీపీఎం (లీటరుకు అర మిల్లీగ్రాము) తేడా వస్తోందని, మీటరు చెడిపోయిందేమోనని మీరు అడిగారు.

మొదటిదానికి మీటరును అనుమానించనక్కరలేదు. ఎండ వేళ నీటిలోని ప్లాంక్టన్ (కంటికి ఆనని నాచులాంటి జీవులు) ఆక్సిజన్ విడుదల చేస్తుంది కాబట్టి సంతృప్త స్థాయిని, అంటే నీరు మామూలుగా పట్టుకోగలిగే 100 శాతాన్ని, మించి ఉండటం సహజమే. ఆ 130ని చెరువులోనే 100కు దించి క్యాలిబ్రేట్ చేశారంటే, మర్నాడు వేకువన నిజంగా 3.9 పీపీఎం ఉన్నా మీటరు 3 అనే చెబుతుంది.

రెండోదానికి ముందుగా ఉప్పదనం సెట్టింగు చూడండి. విజయనగరం జిల్లా పూసపాటిరేగ, భోగాపురం తీరంలోని వనామీ రొయ్యల చెరువుల దగ్గర రెండు మీటర్లు కలవనప్పుడు నేను మొదట వెతికేది అక్కడే. సముద్రమట్టం దగ్గర 30 డిగ్రీల మంచినీరు పట్టుకోగలిగే ఆక్సిజన్ లీటరుకు 7.56 మిల్లీగ్రాములు; అదే వేడిమిలో 20 పీపీటీ (వెయ్యి వంతుల్లో 20 వంతుల ఉప్పు) ఉప్పునీరు సుమారు 6.8 మాత్రమే పట్టుకుంటుంది. మీటరులో ఉప్పదనం సున్నా దగ్గరే వదిలేస్తే, ఆ నీటిలో నిజంగా 3.5 ఉన్నప్పుడు తెర మీద 3.9 కనిపిస్తుంది. నీటికి గాలి అందించే ఏరేటర్లు పెంచాలా వద్దా అని తేల్చుకునే వేళ అది చిన్న తేడా కాదు. పెద్ద వాన కురిసి చెరువు పలచబడ్డాక ఉప్పదనం కొలిచే రిఫ్రాక్టోమీటరుతో చూసి ఆ అంకెను మార్చాలి. ఈ సెట్టింగు పీపీఎంనే మారుస్తుంది తప్ప శాతాన్ని కదిలించదు కనుక, రెండు మీటర్లనూ ఒకే చోట, ఒకే లోతులో ముంచి ముందు శాతాలు పోల్చండి. శాతాలు కలిసి పీపీఎంలు విడిపోతే చాలావరకు తప్పు ఉప్పదనం దగ్గరే ఉంటుంది. శాతాలే కలవకపోతే క్యాలిబ్రేషన్‌నో, నీటిలో ముంచే ప్రోబ్‌నో అనుమానించాలి.

క్యాలిబ్రేషన్ గట్టు మీద ఎండలో చేయకండి. ప్రోబ్ కొన మీద నీటిబొట్టు లేకుండా మెత్తగా తుడిచి, తడి స్పాంజి ఉన్న కప్పులో, లోపలి గాలి బిగుసుకుపోకుండా మూత కొంచెం వదులుగా పెట్టి, నీడలో ఉష్ణోగ్రత అంకె కదలకుండా నిలిచేదాకా ఆగండి. పోలరోగ్రాఫిక్ ప్రోబ్ (కొన మీద మెంబ్రేన్ అనే పలుచని పొర, లోపల ఎలక్ట్రోలైట్ ద్రావణం ఉండే రకం) అయితే ఆన్ చేశాక 10–15 నిమిషాలు వేడెక్కనివ్వాలి. కాంతితో కొలిచే ఆప్టికల్ రకానికి ఆ నిరీక్షణ అవసరం లేదు. గాలి పీడనం అడిగే మీటరైతే ప్రమాణం చూసుకోండి: 1013 హెక్టోపాస్కల్ అంటే 760 మిల్లీమీటర్ల పాదరసం, ఒకదాని బదులు మరొకటి కొట్టకూడదు. మన తీరంలో ఇది పెద్దగా మారదు గానీ అదే మీటరును ఎత్తున ఉన్న అరకు తీసుకెళ్తే అక్కడ మళ్లీ క్యాలిబ్రేట్ చేయవలసిందే.

ఇంత చేసినా శాతాలు కలవకపోతే ఆక్సిజన్‌ను హరించే సోడియం సల్ఫైట్ కలిపిన నీటిలో ప్రోబ్ ముంచండి. కొన్ని నిమిషాల్లో అంకె సున్నాకు దగ్గరగా దిగాలి. దిగకపోతే, మెంబ్రేన్ రకమైనప్పుడు మెంబ్రేన్‌ను, లోపలి ఎలక్ట్రోలైట్‌ను మార్చి చూడండి. ఆ ద్రావణం అంటిన ప్రోబ్‌ను శుభ్రంగా కడిగిన తరువాతే చెరువులో దించండి.