ఫీజును మిగతా మార్కుల్లో కలపకండి

ప్రశ్న: మా అమ్మాయి ముందు మూడు దారులున్నాయి. మేనేజ్‌మెంట్ కోటాలో సీఎస్‌ఈకి హాస్టల్‌తో కలిపి 14 లక్షలు, కన్వీనర్ కోటాలో ఈసీఈకి 5 లక్షలు, దోస్త్ (తెలంగాణ డిగ్రీ ఆన్‌లైన్ ప్రవేశాలు) ద్వారా బీఎస్సీ స్టాటిస్టిక్స్‌కు 3 లక్షలు అవుతుంది. ఉద్యోగం, ఆసక్తి, పై చదువు, ఫీజు అనే నాలుగు అంశాలతో ఏహెచ్‌పీ పద్ధతిలో (అంశాలను జతలుగా పోల్చి, ఏది ఎన్ని రెట్లు ముఖ్యమో అంకెలు వేసే పద్ధతి) లెక్కేస్తే సీఎస్‌ఈ పైకొచ్చింది. కట్టేయమంటారా?
- ఒక తండ్రి, నిజామాబాద్

జవాబు: ఇప్పుడే కట్టకండి. థామస్ సాటీ 1970ల్లో రూపొందించిన ఈ పద్ధతి మంచిదే, తేడా అంతా ఫీజును పెట్టిన చోట వచ్చింది. నాలుగింటిలో ఒకటిగా పెట్టి తక్కువ ప్రాధాన్యం ఇచ్చారు కాబట్టి 9 లక్షల తేడా కాస్తా రెండు మూడు మార్కుల్లో కలిసిపోయింది. లాభాలకు ఒక పట్టీ, ఖర్చులకు ఇంకో పట్టీ వేయండి.

లాభాల్లో మిగిలేవి ఉద్యోగం, ఆసక్తి, పై చదువు, కాబట్టి మూడే జతలు. మీరిచ్చిన అంకెలే తీసుకుందాం: ఆసక్తి కంటే ఉద్యోగం 2 రెట్లు, పై చదువు కంటే ఉద్యోగం 4 రెట్లు, పై చదువు కంటే ఆసక్తి 3 రెట్లు ముఖ్యం. మూడు అంశాలనూ అడ్డంగా, నిలువుగా రాసి గళ్లు నింపితే, అదే అంశం ఎదురైన గడిలో 1, తిరగేసిన గళ్లలో 1/2, 1/4, 1/3 వస్తాయి. ఒక్కో నిలువు వరుసను దాని మొత్తంతో భాగించి, అడ్డంగా సగటు తీస్తే ఉద్యోగానికి 0.56, ఆసక్తికి 0.32, పై చదువుకు 0.12 వస్తాయి.

మీ జవాబులు ఒకదానితో ఒకటి ఎంత పొసగుతున్నాయో చెప్పే పొంతన నిష్పత్తి కూడా చూడాలి, చాలామంది దీన్ని వదిలేస్తారు. మీది 0.016. 0.10 లోపుంటే సరే. అదే ఉద్యోగం కంటే పై చదువే 2 రెట్లు ముఖ్యమని రాసి ఉంటే 0.63కు ఎగబాకేది, అంటే మూడు జవాబులూ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటున్నాయన్నమాట. అప్పుడు అంకెలు సర్దడం కాదు, ఆ జత గురించి మళ్లీ ఆలోచించాలి.

ఫీజు తీసేశాక, ఒక్కో కోర్సుకు మీరిచ్చిన మార్కులను ఈ ప్రాధాన్యాలతో గుణించి కూడితే మీ పట్టీలో లాభాలు సీఎస్‌ఈకి 0.45, ఈసీఈకి 0.35, బీఎస్సీకి 0.20. ఖర్చును రెట్లలో ఊహించే పనేముంది, రూపాయలు తెలుసుగా! మొత్తం 22 లక్షల్లో వాటాలు 0.64, 0.23, 0.14. లాభాన్ని ఖర్చుతో భాగిస్తే సీఎస్‌ఈకి 0.71, ఈసీఈకి 1.54, బీఎస్సీకి 1.47 వస్తాయి.

ఇక్కడితో ఆగితే ఎప్పుడూ చవక సీటుకే మొగ్గు చూపే ప్రమాదం ఉంది. అందుకే మెట్టు మెట్టుగా చూడాలి. బీఎస్సీ నుంచి ఈసీఈకి వెళ్తే అదనపు లాభం 0.15, అదనపు ఖర్చు 0.09: గిట్టుబాటే. ఈసీఈ నుంచి సీఎస్‌ఈకి వెళ్తే 0.10 లాభం కోసం 0.41 ఖర్చు, నిష్పత్తి 0.24. లాభాలకు నాలుగింతల విలువ కట్టినా అది 1 దాటదు, 1 దాటితేనే గిట్టుబాటు. ఈసీఈయే తీసుకోండి.

ఖర్చులో విద్యా రుణం వడ్డీ కలిపారో లేదో చూసుకోండి. ఫీజు రీయింబర్స్‌మెంట్ మేనేజ్‌మెంట్ సీటుకు వర్తించదు. బీఎస్సీ తర్వాత ఎమ్మెస్సీ తప్పదనుకుంటే ఆ రెండేళ్ల ఖర్చూ, లాభమూ రెండూ కలిపి మళ్లీ లెక్కేయాలి.

ఈ పట్టీ మీరొక్కరే నింపినట్టున్నారు. అమ్మాయితో విడిగా నింపించండి. ఒక జతకు మీరు 4, తను 1/2 వేస్తే మామూలు సగటు (2.25) పనికిరాదు, తిరగేసిన గడితో పొసగదు. రెండింటినీ గుణించి వర్గమూలం తీస్తే 1.41 వస్తుంది. అయినా అంత దూరం ఉన్నప్పుడు సగటు కట్టేకంటే, తను ఎందుకు అలా వేసిందో ముందు అడగండి.